నూట ఇరవై ఎల్లీదా?

వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, కళింగపట్నం లైట్‌హౌస్ కనిపించే ఇసుక ఒడ్డున, ఆదివారం సాయంత్రమైతే బళ్లు బారులు తీరతాయి. కొత్త బళ్ల మధ్య ఎప్పుడైనా ఒక పాత యమహా ఆర్ఎక్స్ 100 వచ్చి ఆగిందంటే చాలు, నలుగురు దాని చుట్టూ మూగుతారు. ఆ తర్వాత మాటలు ఇంచుమించు ఇలా నడుస్తాయి.

“మా నాయన బండిది. నూట ఇరవై ఎల్లీది.”

“నువ్వు సూసినావేటి?”

“నాను సూణ్ణేదు. నాయన సెప్పినాడు.”

“నాను సూసినాను. సూది నూట ఇరవై కాడున్నాది.”

“ఆ పొగ సూస్తే తెల్దేటి బావా, లోపల ఎంత మంటుందో!”

ఎవరూ గెలవరు. వచ్చే ఆదివారం ఇదే వాదం మళ్లీ మొదలవుతుంది. కాలక్షేపం కబుర్లని దీన్ని పక్కన పెట్టేయవచ్చు. కానీ ఆ మాటలను ఒక్కొక్కటిగా చూస్తే, మన తార్కికులు రెండు వేల ఏళ్ల పాటు తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న అందులో ఉంది. ఒక సంగతి నిజమని మనిషికి ఎలా తెలుస్తుంది? నాయన చెప్పాడన్నవాడు శబ్ద ప్రమాణం మీద నిలబడ్డాడు. కళ్లతో చూశానన్నవాడు ప్రత్యక్షం మీద, పొగను బట్టి మంటను ఊహించినవాడు అనుమాన ప్రమాణం మీద నిలబడ్డారు. న్యాయశాస్త్రం ఈ మూడింటికీ ఉపమానాన్ని, అంటే పోలికతో తెలుసుకోవడాన్ని, చేర్చి నాలుగు ప్రమాణాలంది. బౌద్ధ తార్కికులు ప్రత్యక్షం, అనుమానం రెండే చాలన్నారు.

ముందు పొగ సంగతి తేల్చాలి. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం తర్కంలో మొదటి పాఠం. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉండి తీరుతుంది కాబట్టి ఆ లెక్క నిలుస్తుంది. కానీ ఎక్కడ పొగ ఉంటే అక్కడ వేగం ఉంటుందా? ఆర్ఎక్స్ 100 టూ స్ట్రోక్ బండి. పెట్రోలుతో పాటు ఇంజన్ ఆయిల్ కూడా మండిపోవడం వల్ల ఆ నీలం పొగ వస్తుంది. రింగులు అరిగిపోయిన పాత ఆటో అంతకంటే ఎక్కువ పొగ వదులుతుంది, ఎత్తు ఎక్కలేక ఆగిపోతుంది. తేల్చవలసిన సంగతి, అంటే సాధ్యం, ఉన్న చోటా లేని చోటా కూడా కనిపించే ఇలాంటి హేతువును తార్కికులు సవ్యభిచారం అన్నారు. పొగను బట్టి బండి బలం చెప్పినవాడు ఆ దోషంలో పడ్డాడు.

కళ్లతో చూసినవాడి మాట అంత తేలిగ్గా కొట్టేయడానికి లేదు. అతను అబద్ధం ఆడటం లేదు. సూది నిజంగానే అక్కడ ఉండి ఉండవచ్చు. అయితే అతను చూసింది సూదినే, వేగాన్ని కాదు. స్పీడోమీటర్ల గురించిన ఐక్యరాజ్యసమితి నియమం ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ మాత్రం పది శాతం, ఆపైన మరో 4 కిలోమీటర్ల దాకా చూపినా తప్పు లేదు. అంటే బండి నూరులో పోతుంటే మీటరు 114 చూపినా నియమం దాటినట్టు కాదు. దానికి తోడు పాత కేబుల్ మీటరు సూది వణుకు ఉంటుంది. ఆ వణుకులో పైఅంచే మనిషికి గుర్తుంటుంది.

లెక్క కూడా ఇదే చెబుతుంది. ఆర్ఎక్స్ 100 ఇంజన్ 98 సీసీ, బలం 11 హార్స్‌పవర్. మంచి స్థితిలో ఉన్న బండి గంటకు నూరు కిలోమీటర్ల చుట్టుపక్కల పోయేది. ఆ వేగంలో బలమంతా దాదాపు గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. గాలికి కావలసిన బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. నూరు నుంచి నూట ఇరవైకి వెళ్లాలంటే 1.2ను మూడుసార్లు హెచ్చవేయాలి, దాదాపు 1.73 రెట్లు. పదకొండు గుర్రాల చోట పంతొమ్మిది కావాలి. ఆ ఎనిమిది గుర్రాలను ఎక్కడి నుంచి తెస్తారు?

అయినా ఆ బండికి అంత పేరు ఊరికే రాలేదు. 1985లో ఎస్కార్ట్స్ సంస్థ యమహాతో కలిసి దాన్ని ఇక్కడ విడుదల చేసేనాటికి రోడ్ల మీద ఎక్కువగా ఉన్నవి నెమ్మది బళ్లు. బరువైన బుల్లెట్టు 346 సీసీ ఇంజనుతో 18 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆర్ఎక్స్ బరువు నూరు కిలోలకు కాస్తే ఎక్కువ. టూ స్ట్రోక్ కాబట్టి ఇంజన్ ప్రతి చుట్టుకూ ఒక తోపు తోస్తుంది, అదీ ఒక దశ దాటగానే ఒక్కసారిగా. మీద కూర్చున్నవాడి వెన్ను ఆ తోపును మరిచిపోదు. 1996లో తయారీ ఆగిపోయింది, పేరు ఆగలేదు. 2018లో అజయ్ భూపతి తన తొలి సినిమాకు ఆ బండి పేరే పెట్టుకున్నాడు.

ఇలాంటి వాదాలు అమెరికాలోనూ ఉన్నాయి. అక్కడ 1960ల నాటి మజిల్ కార్ల గురించి ఇప్పటికీ ఇలాగే గొడవ పడతారు. మామూలు కుటుంబ కారులో పెద్ద ఇంజన్ బిగించి, యువకులకు అందే ధరకు అమ్మిన కార్లవి. 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 454లో అన్నిటికంటే పెద్ద ఇంజనుకు కంపెనీ ప్రకటించిన బలం 450 హార్స్‌పవర్. దానికంటే ఒక మెట్టు కిందిదైన మరో 454 ఇంజనుకు 1971లో 365 అని రాశారు. 1972లో దాదాపు అదే ఇంజనుకు 270 అని రాశారు. ఏడాదిలో తొంభై అయిదు గుర్రాలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. అంతకుముందు ఇంజనును విడిగా ఒక బల్ల మీద పెట్టి, ఆల్టర్నేటరు, ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు లాంటి బరువులు లేకుండా కొలిచేవారు. దాన్ని గ్రాస్ అన్నారు. 1972 నుంచి కారులో బిగించినప్పుడు ఉండే సరంజామాతో కొలిచారు. అది నెట్. మారింది కొలత, ఇంజన్ కాదు. పాత కాగితం చూసి కొత్త కారును తక్కువ చేసేవాళ్లు రెండు వేర్వేరు తక్కెళ్లలో తూచిన బియ్యాన్ని పోలుస్తున్నారు.

హార్స్‌పవర్ అన్న మాటే అమ్మకం కోసం పుట్టింది. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు చెప్పాలనుకున్నాడు. నిమిషానికి 33,000 పౌండ్ల బరువును అడుగు ఎత్తు లేపే పనిని ఒక గుర్రం బలంగా కట్టాడు. నేటి లెక్కలో దాదాపు 746 వాట్లు. మామూలు గుర్రం రోజంతా అంత పని చేయలేదు.

శబ్ద ప్రమాణం దగ్గరికి వస్తే కథ ఇంకా చిక్కబడుతుంది. 1964 మార్చి సంచికలో ‘కార్ అండ్ డ్రైవర్’ అనే అమెరికన్ పత్రిక పాంటియాక్ జీటీఓ కారును పరీక్షించి, నిలబడిన చోటు నుంచి గంటకు 60 మైళ్ల వేగాన్ని 4.6 సెకన్లలో అందుకుందని రాసింది. ఆ ఒక్క అంకె ఒక తరానికి వేదవాక్కు అయింది. పాంటియాక్ ప్రచారానికి వెన్నెముకగా ఉన్న జిమ్ వాంగర్స్ 1998లో తన జ్ఞాపకాల పుస్తకంలో అసలు సంగతి బయటపెట్టాడు. పరీక్షకు ఇచ్చిన కార్లలో ఒకదానిలో, దుకాణంలో దొరికే 389 ఘనపు అంగుళాల ఇంజన్ బదులు 421 అంగుళాల ఇంజన్ పెట్టారు. ముప్పై నాలుగేళ్ల పాటు ఎంతమంది ఎన్ని బల్లల దగ్గర ఆ 4.6ను ఆధారంగా చూపి గెలిచి ఉంటారో!

ఎవరి మాట నమ్మాలన్న దానికి వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో గీసిన గీత ఇక్కడ అక్కరకు వస్తుంది. ఆప్తుడంటే వస్తువును స్వయంగా తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది తెలుసుకున్నట్టే చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమే అన్నాడాయన. పుట్టుకను కాకుండా తెలివిడినీ నిజాయితీనీ చూడమన్న ఈ మాట భారతీయ తత్వంలో దొరికే గొప్ప మాటల్లో ఒకటి. పాంటియాక్ మనుషులకు మొదటి లక్షణం ఉంది, తమ కారులో ఏముందో వాళ్లకు బాగా తెలుసు. లేనిది రెండోది. కళింగపట్నం నాయనగారి విషయం దీనికి తలకిందులు. కొడుకుకు ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరికకు లోటు లేదు. తెలుసుకున్న సాధనమే వణికే సూది.

మీమాంసకుడు కుమారిల భట్టు అయితే కొడుకు పక్షాన నిలబడతాడు. జ్ఞానం తనంతట తానే ప్రమాణం. దాన్ని కొట్టేసే బాధకం ఎదురయ్యేదాకా, లేదా అది పుట్టిన చోటే దోషం ఉందని తేలేదాకా నమ్మడంలో తప్పు లేదు. ఈ వాదంలో బలముంది. తీరంలోని జాలరి కుర్రాడు గాలి తిరిగే వేళనూ నది మొగ దగ్గరి ఇసుక మేటనూ తండ్రి మాట మీదే నమ్మి పడవ దింపుతాడు. ప్రతిదీ కొలిచాకే నమ్ముతానంటే ఒక్క వల కూడా నీళ్లలో పడదు. నమ్మడం తప్పు కాదు. బాధకం కళ్లెదుట నిలబడ్డాక కూడా వదలకపోవడం తప్పు. 1.73 రెట్ల లెక్క అలాంటి బాధకం.

వేగం మీది ఈ మోజు ఈ తీరానికి కొత్త కాదు. కళింగపట్నానికి పడమరగా, వంశధార దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ ఉంది. దాని మీద స్తూపాలూ చైత్యాలూ విహారాల పునాదులూ ఉన్నాయి. అక్కడ తారాదేవి, మారీచి విగ్రహాలు దొరికాయి. బౌద్ధ శిల్పంలో మారీచి రథాన్ని ఏడు వరాహాలు లాగుతాయి. ఆ కొండకు ఎంతో దూరం లేని అరసవల్లిలో సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు. ఏడు హార్స్‌పవర్ అని నవ్వుకోవడం కంటే, వేగాన్ని దైవంగా చూసిన మనసు ఎంత పాతదో గమనించడం మంచిది.

ధర్మకీర్తి కళింగలోనే తాను కట్టించిన విహారంలో కన్నుమూశాడని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. ప్రమాణవార్తికం రాసిన ఆ బౌద్ధ తార్కికుడికి ఒక వస్తువు నిజంగా ఉందనడానికి గుర్తు అర్థక్రియా సామర్థ్యం, అంటే పని చేయగలగడం. నిప్పు అన్న మాట కాల్చదు, నిప్పు కాలుస్తుంది. మనల్ని దగా చేయని జ్ఞానమే ప్రమాణం. అది చూపిన వైపు నడిస్తే ఆశించిన ఫలం చేతికి రావాలి. ఎండమావి వెంట పోతే దాహం తీరదు. పాత బండి వాదానికి ఇంతకంటే పదునైన గీటురాయి లేదు. కాగితం మీది గుర్రాలు రోడ్డు మీద బండిని లాగాలి.

ఈ గీటురాయి మీద మన దేశపు మజిల్ కారును పెట్టి చూడాలి. హిందుస్థాన్ మోటార్స్ 1984లో కాంటెస్సాను తెచ్చింది. ఆకారం ఇంగ్లండులోని వాక్స్‌హాల్‌ది. పొడవాటి ముక్కు, వెడల్పాటి భుజాలు. చూసినవాడు ఆగి చూసేవాడు. కానీ మొదటి కాంటెస్సాల బానెట్ ఎత్తితే కనిపించేది అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్, సుమారు 50 హార్స్‌పవర్. కండలు రేకుకే ఉన్నాయి. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చాకే ఆ ఒంటికి తగిన గుండె దొరికింది.

రాజ్‌దూత్ 350 కథ మరో రకం. 1983 నుంచి ఎస్కార్ట్స్ తయారుచేసిన ఈ బండి జపాన్ యమహా ఆర్‌డీ 350కి వారసురాలు. జపాన్ బండి బలం 39 హార్స్‌పవర్. ఇక్కడి రోడ్లకూ పెట్రోలు ఖర్చుకూ తగ్గట్టు దించి, మొదట 30.5, ఆ తర్వాత వచ్చిన రకానికి 27 ఇచ్చారు. వాదంలో మాత్రం చాలామంది ఇక్కడి బండిని చూపుతూ అక్కడి అంకె చెబుతారు. పేరు ఒకటైతే వస్తువు ఒకటే అనుకునే పొరపాటు ఇది. వస్తువులో లేని గుణాన్ని పేరు మోసుకుని తిరుగుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. నేడు మెరుస్తూ కనిపించే పాత బండిలో ఎంత పాతది? పిస్టన్ కొత్తది, సైలెన్సరు కొత్తది, ట్యాంకు వేరే బండిది. పోర్టులు గీకి కార్బురేటరు మార్చాక అది నూట ఇరవై అందుకుంటే, అందుకున్నది నాయన బండేనా? మిలింద రాజు రథమెక్కి వచ్చానన్నప్పుడు బౌద్ధ భిక్షువు నాగసేనుడు ఇదే అడిగాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? అవన్నీ తీసేస్తే మిగిలేది రథమా? చివరికి రథం అన్నది ఆ భాగాల కూర్పుకు పెట్టుకున్న వాడుక పేరని తేల్చాడు. పూరీలో జగన్నాథుడి నందిఘోష రథాన్ని ఏటా కొత్త కలపతో కడతారు. అయినా నందిఘోష నందిఘోషే. ఆర్టీఓ ఆఫీసుకు మాత్రం ఛాసిస్ నంబరు చాలు. ఆర్‌సీ పుస్తకంలోది వ్యవహార సత్యం. దానితో బండి అమ్మవచ్చు, కొనవచ్చు, కేసు నడపవచ్చు. నాటి బలాన్ని మాత్రం రుజువు చేయలేం. ఇంజన్ లోపల చేయి పెట్టిన బండి వేగాన్ని 1985 నాటి బండికి అంటగట్టడం జీటీఓ పరీక్షలో జరిగిన పని కంటే ఎంతో దూరం కాదు.

ఇక నాయన జ్ఞాపకం. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా చీల్చాడు. సంస్కారం (మనసులో మిగిలిన ముద్ర) నుంచి మాత్రమే పుట్టేది స్మృతి. అది వెనకటి అనుభవం ఎంత నిజమో అంతే నిజం. సొంతంగా కొత్త సంగతి ఏదీ రుజువు చేయలేదు. శతాబ్దాలుగా బడిపిల్లలకు తర్కం నేర్పిన ఆ చిన్న పుస్తకం ఈ ఒక్క విభజనతో సగం గొడవ తీర్చేస్తుంది. పాతికేళ్ల వయసులో, హెల్మెట్ లేకుండా, గతుకుల రోడ్డు మీద, ముఖానికి ఉప్పుగాలి కొడుతుంటే ఎనభై కూడా నూట ఇరవైలా ఉంటుంది. ఆ అనుభూతి అబద్ధం కాదు. అది నాయన గురించిన నిజం. దాన్ని బండి గురించిన నిజంగా మార్చబోయినప్పుడే పేచీ. నాయన సంతోషాన్ని నిలబెట్టడానికి బండికి లేని గుర్రాలు కట్టనక్కర్లేదు. పదకొండు గుర్రాల బండి అంత సంతోషం ఇచ్చిందంటే దాని గొప్పతనం ఇంకా పెరుగుతుంది.

వాదించడం తప్పని దీని అర్థం కాదు. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ లేకుండా ఎదుటివాడిది కూల్చడానికే చేసేది వితండ. ఇసుక ఒడ్డున జరిగేది చాలాసార్లు జల్పం. పాత బండి పేరెత్తగానే డబ్బా అని కొట్టిపారేసే కుర్రాడిది వితండ. నేటి 125 సీసీ బళ్లలో చాలావాటి బలం కూడా ఆ పదకొండు గుర్రాల దగ్గరే తిరుగుతోందని అతనికి తెలిస్తే ఆ నోరు కాస్త తగ్గేది.

వాదం ఎలా ఉండాలో చూపినవాడు ఈ వంశధార ఒడ్డునే పుట్టాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ముఖలింగం గుడి శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్నాడు. శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. తెలుగు ఎలా రాయాలన్న గొడవలో ఎదుటి పక్షం వ్యాకరణ సూత్రాన్ని చూపితే, ఆయన జనం నోట నడిచే మాటను చూపాడు. అంతటితో ఆగలేదు. గ్రాంథికం తప్పు లేకుండా రాస్తామన్న పండితుల రచనల్లోంచే తప్పులు ఏరి వాళ్ల ముందు పెట్టాడు. సూత్రం చెప్పేదొకటి, కలం చేసేదొకటి అయినప్పుడు కలం వైపు చూడమన్నాడు. గ్రాస్ అంకె వదిలి నెట్ అంకె చూడమనడం అలాంటిదే.

కొలవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు దారులు లేకపోలేదు. ఒకప్పుడు మద్రాసు దగ్గర చోళవరంలో యుద్ధకాలపు పాత రన్‌వే మీద పందాలు జరిగేవి, అక్కడ గడియారం తీర్పు చెప్పేది. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో పద్ధతిగా కట్టిన ట్రాక్ ఉంది. జేబులోని ఫోనులో జీపీఎస్ ఉంది, అది సూదిలా వణకదు. కళింగపట్నం ఉన్న గార మండలపు రోడ్డు మాత్రం కొలిచే చోటు కాదు. కోతల కాలంలో ఆ దారుల్లో వడ్లు ఆరబోసి ఉంటాయి. సాయంత్రం చేపల గంపలతో ఆడవాళ్లు నడిచి వస్తుంటారు, ఆవులు ఇంటికి తిరుగుతుంటాయి. బండి ఉన్నవాళ్లు ఈ ఆదివారం తండ్రి పక్కన కూర్చుని ఆ బండి ఏ ఏడాది కొన్నారో, ఇంజన్ ఎన్నిసార్లు విప్పారో, ఏయే భాగాలు మార్చారో అడిగి ఒక పుస్తకంలో రాసి పెట్టండి. నూట ఇరవై సంగతి ట్రాక్ మీద తేల్చుకోండి, కళింగపట్నం రోడ్డు మీద వద్దు.